ఈకాలజీ, ఎవల్యూషనరీ బయాలజీలో పీహెచ్‌డీ: ఇక్కడా, అమెరికాలోనా? ఇంట్లో ఏం చెప్పాలి?

పాలపిట్ట_21
జూన్ 14, రాత్రి 10:42

అందరికీ నమస్తే. మాది సైదాబాద్. ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్ పరీక్షలు పోయిన వారమే అయిపోయాయి. రిజల్ట్స్ ఇంకా రాలేదు కానీ ఇంట్లో "తర్వాతేంటి" మొదలైపోయింది. నాన్న బీఈడీ అంటున్నారు. బాబాయి అయితే అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు ఫీజు కూడా కనుక్కుని వచ్చాడు. నాకేమో ఈకాలజీ (జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధం), ఎవల్యూషన్ (జీవులు తరతరాలుగా మారడం) వైపు పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఈ మాట అంటే అమ్మ "అంటే చెట్లు నాటడమా?" అంది.

అమెరికాలో ఈ సబ్జెక్టుకు విడిగా డిపార్ట్‌మెంట్లే ఉంటాయని చదివాను. మంచి ర్యాంకులున్న ఇరవై యూనివర్సిటీలు ఏరి ఎక్సెల్ షీట్ చేసుకున్నాను. పైనుంచి ఎన్నింటికి అప్లై చెయ్యాలి? జీఆర్‌ఈ ఎంత రావాలి? నా సీజీపీఏ 7.4. లోన్ ఎంత అవుతుంది? లేక ఇక్కడే ఉండి పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం నెట్ పరీక్ష రాసుకోవడం నయమా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సూటిగా_చెప్తా
జూన్ 14, రాత్రి 11:05

ఐదారేళ్లు కప్పల్ని లెక్కపెట్టాక వచ్చే ఉద్యోగం ఏంటో ముందు కనుక్కో. ఎక్సెల్ షీట్ తర్వాత చేద్దువుగాని.

పాలపిట్ట_21
జూన్ 14, రాత్రి 11:09

కప్పలు కాదండీ, తొండలు.

చలిదేశం_హైదరాబాదీ
జూన్ 15, ఉదయం 6:20

ఆ షీట్ పక్కన పెట్టు చెల్లీ. నేనూ అదే తప్పు చేశాను కాబట్టి చెప్తున్నా. మాది వనస్థలిపురం. ఇప్పుడు అమెరికాలో ఇదే సబ్జెక్టులో నాలుగో ఏడు. మొదటిసారి ర్యాంకులు చూసుకుని తొమ్మిది చోట్ల అప్లై చేశాను, ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. మరుసటి ఏడాది నాలుగే చోట్ల పెట్టాను, మూడు ఇంటర్వ్యూలు వచ్చాయి. మధ్యలో నా మార్కులేమీ పెరగలేదు. జీఆర్‌ఈ మళ్లీ రాయలేదు. రెండోసారి ముందుగా ప్రొఫెసర్లకు మెయిల్స్ రాశాను, అంతే తేడా.

మాలిక్యులర్ బయాలజీలో చాలా చోట్ల డిపార్ట్‌మెంట్ ముందు నిన్ను తీసుకుంటుంది. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగి నచ్చినది పట్టుకోవచ్చు. మన సబ్జెక్టులో ఎక్కువ చోట్ల ఆ తిరగడం ఉండదు. ఫలానా ప్రొఫెసర్ "ఈ అమ్మాయిని నేను తీసుకుంటాను" అనాలి. అనకపోతే నీ అప్లికేషన్ ఎంత బాగున్నా పక్కకు పోతుంది. ఆయన దగ్గర ఈ ఏడాది ప్రాజెక్టు డబ్బు ఉందా, కొత్త స్టూడెంట్‌ను తీసుకునే ఉద్దేశం ఉందా, సెలవు మీద వెళ్తున్నాడా అన్నది ఏ ర్యాంకుల పట్టికా చెప్పదు. ఆయన్నే అడగాలి. అడిగే కాలం జూలై నుంచి సెప్టెంబర్ దాకా, ఎందుకంటే అప్లికేషన్ల గడువు చాలా చోట్ల డిసెంబర్ మొదటి పదిహేను రోజుల్లోనే అయిపోతుంది.

ఈ పేరుతో డిపార్ట్‌మెంట్లు ప్రిన్స్‌టన్, కార్నెల్, మిషిగన్, అరిజోనా, కనెక్టికట్, టెనెసీల్లో ఉన్నాయి, కెనడాలో టొరంటోలో ఉంది. నీ షీట్‌లో ఇవన్నీ ఉండే ఉంటాయి. కానీ ఒక్కటి చూడు. 1988లో కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో పన్నెండు సీసాల్లో ఈ.కోలై బ్యాక్టీరియాతో ఒక ప్రయోగం మొదలైంది, తర్వాత దాన్ని చేసే ప్రొఫెసర్‌తో పాటు మిషిగన్ స్టేట్‌కు వెళ్లింది. ఎవల్యూషన్ కళ్లముందు జరగడం చూడాలనుకునేవాళ్లంతా దాని గురించి చదివే ఉంటారు. 2022లో అది టెక్సస్‌కు, ఆస్టిన్‌కు మారిపోయింది. ఆ సీసాలు ఇప్పుడు ఎక్కడున్నాయో చూసుకోకుండా పాత సలహాలు పట్టుకుని అప్లై చేస్తే లాభం లేదు. మనిషి ఎక్కడుంటే పని అక్కడ.

జీఆర్‌ఈ ఈ సబ్జెక్టులో చాలా డిపార్ట్‌మెంట్లు అడగడం మానేశాయి. కొన్ని ఇంకా అడుగుతాయి, ఒక్కోదాని పేజీ తెరిచి చూసుకోవాల్సిందే. ఇంగ్లీషు పరీక్ష మాత్రం ఉంటుంది అనుకునే లెక్క వేసుకో. లోన్ సంగతి సాయంత్రం రాస్తా, ఇప్పుడు నా స్టూడెంట్ల పేపర్లు దిద్దాలి.

బాల్కనీ_నాన్న
జూన్ 15, ఉదయం 8:14

బాబూ, లోన్ సంగతి త్వరగా రాయండి. మా పక్క ఫ్లాట్ వాళ్ల అబ్బాయి ఎమ్మెస్‌కు వెళ్తే నలభై లక్షలు అయింది, ఇల్లు తాకట్టు పెట్టారు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. ఇప్పటినుంచే జంతువుల మీద రీసెర్చ్ అంటోంది. నాకు బీపీ వస్తోంది.

చలిదేశం_హైదరాబాదీ
జూన్ 15, సాయంత్రం 6:55

అంకుల్, మన ఊళ్లో అందరూ కలిపేసేది ఇక్కడే. ఎమ్మెస్ వేరు, పీహెచ్‌డీ వేరు. ఎమ్మెస్‌కు మనం డబ్బు కడతాం. సైన్స్ పీహెచ్‌డీకి మంచి చోట ట్యూషన్ ఫీజు వాళ్లే చూసుకుంటారు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ఊరికే కాదు. వారానికి ఇరవై గంటల దాకా డిగ్రీ పిల్లలకు ల్యాబ్ క్లాసులు చెప్పాలి, లేదా ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని చెయ్యాలి. ఆ స్టైపెండ్‌తో ఇల్లు కట్టలేం, అద్దె కట్టుకుని బతకగలం. ఊరిని బట్టి అది కూడా కష్టమే. అందుకే ఆఫర్ లెటర్‌లో ఎన్నేళ్లు గ్యారంటీ, వేసవి మూడు నెలలు ఇస్తారా ఇవ్వరా అన్నది వెతికి చదవాలి. సొంత డబ్బుతో పీహెచ్‌డీకి రమ్మంటే వెళ్లొద్దు, అంతే.

చేతి నుంచి పోయేది అప్లికేషన్ ఫీజులు, ఇంగ్లీషు పరీక్ష, వీసా ఫీజు, టికెట్. ఫీజు మాఫీ కావాలని అడిగితే కొన్ని చోట్ల ఇస్తారు, సిగ్గుపడకుండా అడగాలి. ఇంకో మాట, అమెరికా ప్రభుత్వ ఫెలోషిప్‌లలో ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ పేరు ఎక్కువ వినపడుతుంది. అది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనకు కాదు. నేను దానికోసం నెల రోజులు వ్యాసం రాసి తర్వాత తెలుసుకున్నా.

ఆఫర్ వచ్చాక చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోనిస్తాయి. ఈలోపు "వెంటనే చెప్పు" అని తొందరపెడితే కంగారు పడొద్దు.

సూటిగా_చెప్తా
జూన్ 15, రాత్రి 9:31

అన్నీ చెప్పారు, ఒకటి వదిలేశారు. ఐదేళ్లు, ఆరేళ్లు అయ్యాక ప్రొఫెసర్ ఉద్యోగాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ఇండియాలో ఈకాలజీకి ఇంకా తక్కువ. మిగిలేది ఎన్జీవో, పర్యావరణ ప్రభావ మదింపు చేసే కన్సల్టెన్సీ, లేదా డేటా ఉద్యోగం. అంటే తిరిగి తిరిగి వాళ్ల బాబాయి చెప్పిన అమీర్‌పేట దగ్గరికే.

నేను ఊరికే అనట్లేదు. ఇదే సబ్జెక్టులో మూడేళ్లు చేసి వదిలేసి వచ్చినవాణ్ని. ఇప్పుడు మాదాపూర్‌లో పని చేస్తున్నా.

అత్తాపూర్_అక్క
జూన్ 16, ఉదయం 7:40

వదిలేయడం తప్పేం కాదు. ఎందుకు వదిలేశారో కూడా చెప్తే ఆ అమ్మాయికి పనికొస్తుంది కదా.

నేను పీహెచ్‌డీ ఇక్కడే చేశాను. హైదరాబాద్‌లో ఈ పని ఏముంది అనుకునేవాళ్ల కోసం కాస్త చెప్తా. అత్తాపూర్‌లో లాకోన్స్ ఉంది, అంతరించిపోతున్న జీవుల మీద పనిచేసే శాఖ, సీసీఎంబీ అనే కణ, జన్యు పరిశోధన సంస్థది. 2006లో అక్కడ కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక పిల్ల పుట్టింది, దానికి స్పాటీ అని పేరు పెట్టారు. నెహ్రూ జూ పార్కులో మూషిక జింకలను పెంచి అమ్రాబాద్ అడవిలో వదిలిన పనిలోనూ వాళ్లున్నారు. పులి పెంటికలోంచి డీఎన్ఏ తీసి ఏ పులో చెప్పడం కూడా ఈ రకం పనే. వాసన గురించి మాత్రం నన్నడగొద్దు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఉస్మానియా ఉంది. "ఈకాలజీ అండ్ ఎవల్యూషన్" అనే బోర్డు కోసం వెతికితే దొరక్కపోవచ్చు. జువాలజీ, యానిమల్ బయాలజీ, ప్లాంట్ సైన్సెస్ లోపల ఎవరు ఏం చేస్తున్నారో వాళ్ల పేపర్లు చదివి పట్టుకోవాలి.

డబ్బు లెక్క: నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ వేరు. కాగితం మీద బాగుంటుంది. నాకు ఒకసారి ఏడు నెలలు రాలేదు. ఆ ఏడు నెలలూ మా అన్నయ్య దగ్గర తీసుకున్నా, పెళ్లయిన ఆడపిల్ల అన్నను డబ్బు అడగడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. గైడ్. నా మొదటి గైడ్ పేరున్న మనిషి. ల్యాబ్ కూడా గొప్పదే. కానీ నెలకోసారి కూడా దొరికేవారు కాదు. రాసిచ్చిన డ్రాఫ్టు పది నెలలు టేబుల్ మీదే ఉంది. రెండో ఏడాది చివర ధైర్యం చేసి మారాను. అందరూ "కెరీర్ పోయింది" అన్నారు. రెండో గైడ్‌కు పేరు తక్కువ, ప్రతి శుక్రవారం గంట కూర్చునేవారు. చేరేముందు ఆ ల్యాబులో ఇప్పుడున్న స్టూడెంట్లకు విడిగా ఫోన్ చెయ్యి. "సార్ ఎలాంటివారు" అని అడక్కు, అందరూ మంచివారనే అంటారు. "మీ డ్రాఫ్టు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది, మీ సీనియర్లు ఎన్నేళ్లలో బయటపడ్డారు, మధ్యలో ఎంతమంది మానేశారు" అని అడుగు.

సూటిగా_చెప్తా
జూన్ 16, ఉదయం 8:02

ఎందుకు వదిలేశానంటే, ప్రశ్న నాది కాదు. గైడ్ ఇచ్చింది. మూడో ఏట ఒక రాత్రి వానలో చెరువు గట్టున టార్చి పట్టుకుని నిలబడి "ఇది తెలిస్తే నాకేంటి" అనిపించింది. మళ్లీ వెళ్లలేదు.

మత్తుడాక్టర్
జూన్ 16, మధ్యాహ్నం 2:26

నేను ఎనస్థీషియా డాక్టర్ని, చదివింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో. పైన "ఇది తెలిస్తే నాకేంటి" అనే మాట వచ్చింది కాబట్టి ఎవల్యూషన్ వల్ల ఉపయోగం గురించి రెండు ముక్కలు.

ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వెయ్యడానికి కండరాలు వదులయ్యే మందు ఒకటి ఇస్తాం, సక్సినైల్‌కోలిన్. మామూలుగా కొన్ని నిమిషాల్లో దాని ప్రభావం పోతుంది, రక్తంలో ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది కాబట్టి. ఆ ఎంజైమ్ లేనివాళ్లకు గంటల తరబడి ఊపిరి తీసుకునే కండరాలు కూడా కదలవు, వెంటిలేటర్ మీద ఉంచాలి. మన దగ్గర ఆర్యవైశ్యుల్లో ఈ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. అందుకే ముందే అడుగుతాం. చాలా తరాల కింద కొద్దిమందితో మొదలైన సమూహం, తర్వాత లోపల లోపలే పెళ్లిళ్లు. ఆ కొద్దిమందిలో ఒకరికున్న మార్పు తర్వాతి తరాల్లో చాలామందికి పాకుతుంది. దీన్ని ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు. దీవుల మీద పక్షులకు జరిగేదీ ఇదే. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ వాళ్లు, హార్వర్డ్ వాళ్లు కలిసి మన దేశ జనాల జన్యు చరిత్ర మీద వేసిన పేపర్‌లో ఈ సమూహం కూడా ఉంది. ఎవల్యూషన్ పుస్తకంలో ఉంటుందనుకుంటాం, నాకు ఆపరేషన్ టేబుల్ మీద కనపడుతుంది.

రెండో ముక్క ఊరి గొప్ప. సహజ ఎంపికకు లెక్కలు కట్టిన ముగ్గురిలో ఒకరు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండ్ వదిలి 1957లో మన దేశానికి వచ్చేశారు, ఇక్కడి పౌరుడయ్యారు, 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వాలని రాసిపెట్టారు. అది వచ్చింది మా రంగరాయకే. ఇది మా బ్యాచ్‌లో సగం మందికి తెలియదు.

బాల్కనీ_నాన్న
జూన్ 16, సాయంత్రం 5:10

డాక్టరు గారూ, ఈ మందు సంగతి మా బావమరిది వాళ్లింట్లో జరిగింది. ఇన్నాళ్లూ ఆసుపత్రి వాళ్ల పొరపాటు అనుకున్నాం. అలా జరిగినవాళ్ల ఇంట్లో మిగతావాళ్లు కూడా చూపించుకోవాలా?

మత్తుడాక్టర్
జూన్ 16, సాయంత్రం 5:48

తోబుట్టువులైతే తప్పకుండా. రక్తపరీక్ష ఉంది. ఎప్పుడైనా ఆపరేషన్ అంటే ముందే మత్తు డాక్టరుకు చెప్పమనండి. మిగతాది ఇక్కడ వద్దు, ఈ అమ్మాయి చర్చ పక్కదారి పడుతుంది.

డిగ్రీకాలేజీ_మాస్టారు
జూన్ 16, రాత్రి 9:15

అమ్మా, ఇక్కడి దారులు కూడా రాస్తున్నాను. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని విడిగా పేపరే ఉంది, కోడ్ ఈవై. మన పిల్లలు చాలామంది లైఫ్ సైన్సెస్ పేపరే రాస్తారు, ఇది ఉందని తెలియక. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్, 85 సబ్జెక్టు. సిలబస్‌లో జంతు ప్రవర్తన, ఎవల్యూషన్, లెక్కలు, స్టాటిస్టిక్స్ అన్నీ ఉంటాయి. నెట్ ఎలాగూ రాయాలి. జేజీబిల్స్ అని ఇంకో పరీక్ష ఉంది, దాంతో బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ లాంటి చోట్లకు పిలుపొస్తుంది.

బెంగళూరు ఐఐఎస్సీలో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ 1983లో మాధవ్ గాడ్గిల్ మొదలుపెట్టింది. బెంగళూరులోనే జేఎన్‌సీఏఎస్ఆర్ అనే పరిశోధన సంస్థలో పండ్ల ఈగలను తరతరాలుగా పెంచుతూ ఎవల్యూషన్ చూసేవాళ్లున్నారు. ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ, డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్. మనకు దగ్గరలో తిరుపతి ఐసర్, సైన్స్ చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ. నా దృష్టిలో మన పిల్లలు తిరుపతిని తక్కువగా చూస్తున్నారు, దగ్గరున్నదానికి విలువ ఉండదేమో.

క్లాసులో నేను గాలపాగోస్ దీవుల ఫించ్ పక్షుల పాఠం చెప్తాను. గ్రాంట్ అనే శాస్త్రవేత్త దంపతులు 1973 నుంచి డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిలో పక్షుల కాళ్లకు రింగులు వేసి ఏటేటా కొలిచారు. 1977లో కరువు వచ్చింది. మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి, గట్టి గింజలు పగలగొట్టగల పెద్ద ముక్కులవి ఎక్కువగా బతికాయి. మరుసటి తరంలో సగటు ముక్కు పెద్దదైంది. కరువు వచ్చాక కొలవడం మొదలుపెట్టి ఉంటే ఏమీ తెలిసేది కాదు. నీ దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఏముందమ్మా?

పాలపిట్ట_21
జూన్ 16, రాత్రి 10:20

అందరికీ చాలా థాంక్స్. ప్రాజెక్టు మా గైడ్ ఇచ్చిందే సార్, చేపల కాలేయం మీద పురుగుమందు ప్రభావం. దానిమీద పెద్ద ఆసక్తి లేదు.

మెయిల్ ఒకటి రాసుకున్నాను. ఇంగ్లీషులో రాసింది, అర్థం ఇక్కడ పెడుతున్నా: "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయాలని చిన్నప్పటినుంచీ నా కల. నాకు ప్రకృతి అంటే ప్రాణం. నేను కష్టపడి పనిచేస్తాను. మీ మార్గదర్శకత్వంలో అవకాశం ఇవ్వగలరు. నా రెజ్యూమే జత చేశాను." బాగుందా?

చలిదేశం_హైదరాబాదీ
జూన్ 17, ఉదయం 6:05

చెల్లీ, కోపం తెచ్చుకోకు. ఇందులో ప్రొఫెసర్ పేరు మారిస్తే కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కు కూడా పనికొస్తుంది. అదే దీనితో ఇబ్బంది. ఆయనకు రోజుకు ఇలాంటివి ఎన్నో వస్తాయి, తెరవకుండానే పోతాయి. చిన్నప్పటి కల వద్దు. ఆయన పేపర్ ఒకటి చదివి అందులో ఏది నీకు అర్థం కాలేదో, లేదా ఏది నువ్వు చూసినదానితో కలవలేదో రాయి. నువ్వు ఏదైనా చూశావా అసలు? తొండలన్నావు కదా మొన్న?

పాలపిట్ట_21
జూన్ 17, ఉదయం 9:33

అది చదువు లెక్కలోకి రాదేమో అన్నా. ఖాజాగూడ వైపు మా మేనత్త వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక బండలున్నాయి. డిగ్రీ చివరి ఏడాది నుంచి ఆదివారాలు అక్కడికి వెళ్తున్నా. బండలమీద ఉండే తొండలు ఉంటాయి కదా, మగవి జతకట్టే కాలంలో క్షణాల్లో రంగు మారుస్తాయి. ఆడది ఎదురైతే ఒక రంగు, ఇంకో మగది వస్తే ఇంకోటి. ఏ బండమీద ఎన్ని, ఏ టైమ్‌కు, ఎండ ఎలా ఉంది అని నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. మూడు నోట్‌బుక్కులు అయ్యాయి. ఇంకా ఒక సరదా పని చేశా. మెల్లగా నడుచుకుంటూ వెళ్తే ఎంత దగ్గరకు వచ్చాక పారిపోతుందో అడుగులతో కొలిచి రాశాను. అపార్ట్‌మెంట్ పక్క బండమీదవి నాలుగైదు అడుగుల దాకా రానిస్తాయి. లోపలివైపు బండమీదవి పదిహేను అడుగుల దూరంలోనే మాయం. పోయిన చలికాలం కొత్త టవర్ కోసం లోపలి బండల్లో ఒకటి పగలగొట్టారు. అప్పుడు చాలా ఏడ్చాను, ఇది సైన్స్ కాదనుకోండి.

డిగ్రీకాలేజీ_మాస్టారు
జూన్ 17, ఉదయం 9:50

మూడేళ్ల నోట్‌బుక్కులా? తల్లీ, ఇది మొదటి పోస్టులో ఎందుకు రాయలేదు?

చలిదేశం_హైదరాబాదీ
జూన్ 17, ఉదయం 10:12

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్రపోకుండా రాస్తున్నా. నువ్వు అడుగులతో కొలిచినదానికి పేరుంది, ఫ్లైట్ ఇనీషియేషన్ డిస్టెన్స్. దానిమీద ఎన్నో పేపర్లున్నాయి. నీ తొండ బహుశా సామోఫిలస్ డార్సాలిస్. దీనిమీదే బెంగళూరు ఐఐఎస్సీలో పని జరిగింది. నగరం అంచుల్లోవి, పల్లెవి తెచ్చి పోల్చి చూస్తే, ఏ దాక్కునే చోటు క్షేమమో నగరం అంచువి త్వరగా నేర్చుకున్నాయి. 2019లో వచ్చింది. ముందు అది చదువు.

చదివాక ఆలోచించు. అపార్ట్‌మెంట్ పక్కవి మనిషిని చూసి చూసి అలవాటు పడ్డాయా? లేక పిరికివన్నీ ఆ బండ వదిలి వెళ్లిపోయి ధైర్యమున్నవి మిగిలాయా? లేక ఆ ధైర్యం తల్లి నుంచి పిల్లకు దిగుతోందా? మొదటిది నేర్చుకోవడం, మూడోది ఎవల్యూషన్. బయటినుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. వీటిని ఎలా విడదీస్తావు అన్నదే నీ పీహెచ్‌డీ కావచ్చు. రెండు బండల ఆడవాటి గుడ్లు ఒకేచోట పొదిగించి, మనిషిని చూడకుండా పెంచి, అప్పుడు కొలిస్తే? ఈ వాక్యాలు నీ మెయిల్‌లో ఉండాలి. ప్రకృతి అంటే ప్రాణం అన్నది ఎవరూ అడగరు.

లెక్కలపిచ్చి
జూన్ 17, మధ్యాహ్నం 1:20

ఒకే బండమీది ఇరవై తొండలు ఇరవై వేర్వేరు ఆధారాలు కావు, జాగ్రత్త. అక్కడ నీడ, పిల్లులు, కాకులు అన్నీ ఒకటే. నీ దగ్గర నిజానికి ఉన్నది ఇరవై కాదు, రెండు బండలు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది. ఇంకో పది బండలు వెతుక్కో, ఐదు జనం పక్కన, ఐదు దూరంగా. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇవాళే నేర్చుకోవడం మొదలుపెట్టు. బాబాయి చెప్పిన కోర్సులో నేర్పే సగం ఇక్కడ కావాలి, ఆయన మీద కోపం పెట్టుకోకు.

గచ్చిబౌలి వైపు ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్డు ఉంది, వినే ఉంటావు. ఆ రోడ్డు పేరు ఎవరిదో తెలుసా? ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన మనిషి. కేంబ్రిడ్జిలో స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరైన ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. 1982లో ఆయన ఇచ్చిన కొలతను ఈకాలజీలో రావ్స్ క్యూ అంటారు. ఉదాహరణకు అమీన్‌పూర్ చెరువులో ఒక మూల నాలుగు రకాల బాతులు, ఇంకో మూల ఒక బాతు, ఒక కొంగ, ఒక లకుముకి పిట్ట, ఒక నీటికోడి ఉన్నాయనుకో. జాతుల లెక్క రెండు చోట్లా నాలుగే. కానీ రెండో మూలలో తిండి వేరు, కాళ్లు వేరు, ముక్కులు వేరు. ఏ రెండు పక్షుల్ని గుడ్డిగా తీసినా అవి సగటున ఒకదానికొకటి ఎంత వేరుగా ఉంటాయో చెప్పేది రావు గారి కొలత. ప్రపంచమంతా వాడుతున్నారు. మనం ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ పోతాం.

నల్లమల_బీట్
జూన్ 17, రాత్రి 8:45

నేను ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో కింది స్థాయి ఉద్యోగిని. నా మాటా వినండి మేడమ్. ఊరికే చూడటం, రాసుకోవడం వేరు. పట్టుకోవడం, గుడ్లు తీయడం వేరు. బండ ఎవరిదో ముందు కనుక్కోండి. పట్టా భూమి అయితే యజమానిని అడగాలి, అడవి అయితే మా పైవాళ్ల నుంచి కాగితం కావాలి. ఆ కాగితానికి నెలలు పడుతుంది, అప్లికేషన్ ఇప్పుడే పెట్టండి. అమెరికా యూనివర్సిటీలో చేరి ఇక్కడ పని చేస్తే ఇంకో చిక్కు. తోక ముక్కైనా సరే దేశం దాటించాలంటే నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ అనుమతి ఉండాలి, 2002 చట్టం. కాగితాలు లేక ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

ఇంకొకటి. అడవిలో మాకు, చెంచు వాచర్లకు తెలిసినవి పుస్తకంలో ఉండవు. కలివి కోడి అనే అరుదైన పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలు వెతికారు, చేతికి చిక్కించింది ఊరి వేటగాడు. మాతో నెలల తరబడి తిరిగి, థీసిస్ పుస్తకం అయ్యాక ఒక్క కాపీ పంపినవాళ్లు నాకు ఇద్దరే తెలుసు. మీరు మూడోవారు కావాలి.

అత్తాపూర్_అక్క
జూన్ 17, రాత్రి 9:20

బీట్ అన్న చెప్పింది వందకు వంద నిజం. నేను కూడా పంపలేదు అన్నా. సిగ్గుగా ఉంది. రేపే పంపిస్తా, అడ్రస్ మెసేజ్ చెయ్యండి.

పాలపిట్ట_21
జూలై 19, రాత్రి 9:02

నెల తర్వాత వస్తున్నా, సారీ. నోట్‌బుక్కులు మూడూ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. 2,116 వరుసలు వచ్చాయి. ఎక్కించేటప్పుడు తెలిసింది, మొదటి ఆరు నెలలు టైమ్ రాసుకోలేదు, ఆ భాగం వదిలేశా. కొత్తగా నాలుగు బండలు వెతికాను, పది కాలేదు. రెండుచోట్ల వాచ్‌మన్‌లు తరిమేశారు.

ఆరుగురికి మెయిల్స్ పంపాను, నలుగురు బయట, ఇద్దరు ఇక్కడ. పాత షీట్‌లోని ఇరవైలో ఒక్కటే మిగిలింది. ఒకరినుంచి "ఫీల్డ్‌లో ఉన్నాను, ఆగస్టు దాకా మెయిల్ చూడను" అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. ముగ్గురు పలకలేదు. ఒకరు ఈ ఏడాది ఎవరినీ తీసుకోవట్లేదు అంటూ ఇంకో ఇద్దరి పేర్లు ఇచ్చారు. ఆరో ఆవిడ రెండే లైన్లు రాశారు: బండ పగలగొట్టాక దాని మీదివి పక్క బండకు చేరాయా, చేరితే అక్కడివి ఎంత దూరంలో పారిపోతున్నాయి, బండ పగలకముందు ఆ పక్క బండ లెక్క నీ దగ్గర ఉందా?

ఉంది. పగలకముందుది పద్నాలుగు నెలల లెక్క ఉంది. తర్వాతదే లేదు, బాధేసి అటు వెళ్లడం మానేశాను కదా.

రేపు ఆదివారం, పొద్దున ఆరింటికే వెళ్తున్నా. నాన్న బండిమీద దింపుతానన్నారు. ఎందుకో అడిగితే, ఆ తొండ ఏదో ఒకసారి నేనూ చూస్తా అన్నారు.

సూటిగా_చెప్తా
జూలై 19, రాత్రి 9:17

ఆరింటికి వెళ్లి ఏం చేస్తావు? బండ వేడెక్కేదాకా తొండ బయటికి రాదు, అందులోనూ వానాకాలం. ఎనిమిదిన్నరకు వెళ్లు. మబ్బు పడితే వెళ్లొద్దు, ఆ లెక్క పాత లెక్కతో కలవదు. నోట్‌బుక్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో, పెన్సిల్‌తో రాయి.

ఆ పక్క బండ ఎక్కడో మ్యాప్ పంపు. నేనూ అటువైపే ఉంటా.